ఆరిజోనా కోల్ మైన్ కెన్యన్: మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వెళ్ళొచ్చా?

నర్సాపురం అల్లికలు:

అందరికీ నమస్కారమండి. మాది నర్సాపురం. లేసు పని చేయించి ఎగుమతి వాళ్ళకి వేస్తుంటాం. మా అబ్బాయి ఫీనిక్స్‌లో ఉంటాడు. దసరా వెళ్ళాక నేనూ మా వారూ అక్కడికి వెళ్తున్నాం. గ్రాండ్ కెన్యన్ ఎలాగూ ఉంది. అది కాక యాంటిలోప్ కెన్యన్ అనే ఇరుకు రాతి లోయకి టికెట్లు తీసేస్తానని వాడంటాడు. మా వారేమో ఫోన్‌లో ఎక్కడో కోల్ మైన్ కెన్యన్ ఫోటో చూసి, చూస్తే అదే చూడాలంటున్నారు. కింద ఎర్రటి మట్టి, పైన తెల్ల రాయి, మధ్యలో కాటుక గీసినట్టు నల్లటి చార. నిజంగానే బాగుంది. రాత్రి వీడియో కాల్ చేస్తే తండ్రీ కొడుకులకి ఇదే వాదన.

వాడి భయం వాడిది. అక్కడ బోర్డు లేదు, టికెట్ కౌంటర్ లేదు, సిగ్నల్ కూడా సరిగా రాదట. అదంతా నవాహో గిరిజనుల భూమి, అడక్కుండా వెళ్తే వాళ్ళ పెరట్లోకి దూరినట్టే అంటాడు.

నా సంగతి చెప్తాను. మోకాళ్ళు అరిగాయి. చదునుగా ఉంటే కిలోమీటరు నడుస్తాను, మెట్లు దిగమంటే ఏడుపొస్తుంది. మా వారికి బీపీ. ఇద్దరం శాకాహారులం. ఎవరైనా వెళ్ళినవాళ్ళుంటే ఏది నయమో చెప్పండి.

ఇంకో మాట. నవాహో ఆడవాళ్ళు నేసే రగ్గులు ఒకటైనా కొనాలని నా కోరిక. నేసిన మనిషి చేతికి డబ్బు అందేలా కొనే దారి ఉందా? మా దగ్గర క్రోషియా సూది పట్టిన చేతికి ఎంత ముడుతుందో, అదే బట్ట పెద్ద షోరూములో ఎంత పలుకుతుందో రోజూ చూసేదాన్ని, అందుకే అడుగుతున్నాను.

ఫీనిక్స్ పాలకొల్లోడు:

ఆంటీ, యాంటిలోప్‌లో అప్పర్, లోయర్ అని రెండున్నాయి. లోయర్ మాట మర్చిపోండి, ఇరుకు సందులో ఇనప మెట్లు నిలువునా దిగాలి. అప్పర్‌లో లోపల ఇసుక నేల, చదునుగానే ఉంటుంది. కాకపోతే అవతలికి బయటపడ్డాక బండ మీదుగా తిరిగొచ్చే దారిలో మెట్లు, ర్యాంపులు ఉన్నాయి. రెండింట్లోనూ నవాహో గైడ్ లేకుండా అడుగు పెట్టనివ్వరు. బ్యాగులు కారులోనే వదిలేయాలి. మనిషికి వంద డాలర్లకి అటూ ఇటూ అవుతుంది. నేషనల్ పార్కుల ఏడాది పాస్ అక్కడ చెల్లదు, అది నవాహోల సొంత పార్కు.

టైమ్ విషయం మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. ఆరిజోనాలో వేసవికి గడియారం మార్చరు. నవాహో భూముల్లో మారుస్తారు, మార్చి నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా గంట ముందు. ఆ నవాహో భూమి మధ్యలో హోపీ అనే ఇంకో తెగ వాళ్ళ భూమి ఉంది, అక్కడ మళ్ళీ మార్చరు. ఒకే రోడ్డు మీద పోతుంటే ఫోన్‌లో టైమ్ ముందుకీ వెనక్కీ గెంతుతుంది. యాంటిలోప్ టూర్లు పేజ్ ఊరి టైమ్‌కి నడుస్తాయి, అంటే ఫీనిక్స్ టైమే. ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి ఫీనిక్స్ అని పెట్టేసుకుంటే టెన్షన్ ఉండదు.

కోల్ మైన్ నేను చూడలేదండి. దొరికేదే ఒక లాంగ్ వీకెండ్, బోర్డు కూడా లేని చోటికి ఎవడు పోతాడులే అనుకున్నాను ఆయ్.

హెడ్‌వర్క్స్ రిటైర్డ్:

అమ్మా, నా ఓటు మీ వారికే. నేను ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యాను, సర్వీసులో ఎక్కువ భాగం ధవళేశ్వరం బ్యారేజీ మీదే గడిచింది. మా అమ్మాయి ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఉండటంతో ఆ చుట్టుపక్కల తిరిగే వీలు చిక్కింది. యాంటిలోప్ బాగుంటుంది, కాదనను. కానీ ముందొక గుంపు, వెనకొక గుంపు, మధ్యలో మనం. మీ మోకాళ్ళకి ఆ నడక కంటే కోల్ మైన్ అంచున కుర్చీ వేసుకుని కూర్చోవడం సుఖం. కారు డిక్కీలో మడత కుర్చీలు రెండు పడేసుకోండి.

దారి ఇలా. ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 145 మైళ్ళు, అంతా ఎక్కుడే, ఊరు సుమారు 7,000 అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి 89 నంబరు రోడ్డు పట్టుకుని ఉత్తరానికి దిగుతుంటే పైన్ చెట్లు పోయి బోడి నేల మొదలవుతుంది. కామెరాన్ దాటాక కుడికి 160, దాని మీద ట్యూబా సిటీ. అక్కడ 264 ఎక్కి సుమారు 15 మైళ్ళు పోతే ఎడమ పక్కన ఒక గాలిమర కనబడుతుంది. దాని వైపు మట్టి బాట. దగ్గరే. ఎండగా ఉంటే మామూలు కారు మెల్లగా పోతుంది. వాన పడితే మాత్రం ఆ రోజుకి ఆశ వదులుకోండి, ఆ బంకమట్టిలో చక్రం తిరుగుతుంది గానీ బండి కదలదు.

అక్కడికి చేరాక కూడా లోయ ఉన్నట్టు తెలియదు. ఎండు గడ్డి, మోకాలెత్తు తుప్పలు, ఆవుపేడ. పది అడుగులు వేస్తే నేల ఉన్నట్టుండి అయిపోతుంది. కింద సన్నటి స్తంభాలు వందల కొద్దీ నిలబడి ఉంటాయి, మొదలు దగ్గర ఎరుపు, నడుమ తెలుపు, కొన్నిచోట్ల గులాబీ. పైన మీ వారు చూసిన నల్ల చార, అది బొగ్గే. ట్యూబా సిటీలో గవర్నమెంటు బోర్డింగ్ స్కూలుకి ఒకప్పుడు ఇక్కడి నుంచే తవ్వుకుపోయేవారు. పేరు అలా వచ్చింది. ఆ పొర వయసు సుమారు 10 కోట్ల ఏళ్ళు. అప్పట్లో అది సముద్రం ఒడ్డున చిత్తడి అడవి, అంటే మన కోరంగి మడ లాంటి చోటు. ఇప్పుడు సముద్ర మట్టానికి 5,000 అడుగుల పైన ఎండిపోయి కూర్చుంది. ఎరుపంతా మట్టిలో ఉన్న ఇనుము తుప్పు.

అంచు గురించి మాత్రం మీ వారికి గట్టిగా చెప్పండి. రెయిలింగ్ లేదు. రాయిలా కనబడేది చాలాచోట్ల ఎండిన మట్టి, నేను వేలితో గీకితే పొడి పొడిగా రాలింది. దాని కింద ఏముందో పై నుంచి తెలియదు, ఒట్టి గాలే ఉండొచ్చు. సెల్ఫీ పిచ్చి ఉన్నవాళ్ళని నాలుగు గజాలు వెనకే ఆపండి. లోయలోకి దిగే మాట అసలు ఎత్తకండి. పైనుంచి చూసిందే చాలు, నిజానికి రంగులు కనబడేది కూడా పైనుంచే.

వేళ ముఖ్యం. మిట్టమధ్యాహ్నం పోతే అంతా వెలిసిపోయిన గోడలా ఉంటుంది. సాయంత్రం ఎండ పక్క నుంచి పడ్డప్పుడే ఎరుపు లేస్తుంది. సూర్యాస్తమయం చూశాక ఆలస్యం చేయకుండా తారు రోడ్డెక్కేయండి. అక్కడ పశువులకి కంచెలు అంతంతమాత్రం, చీకట్లో నల్లావు రోడ్డు మీద పడుకుంటే దగ్గరికి వచ్చే దాకా కనబడదు.

పర్మిట్ తప్పనిసరి. నవాహో పార్కుల శాఖ ఇస్తుంది, కామెరాన్‌లో 89, 64 కలిసే దగ్గర వాళ్ళ ఆఫీసు ఉంది. బయల్దేరే ముందు మీ అబ్బాయి చేత ఫోన్ చేయించి రెండు ప్రశ్నలు అడిగించండి: ఆఫీసు ఆ రోజు తెరుస్తారా, కోల్ మైన్‌కి జనాన్ని పంపిస్తున్నారా. రెండోది ఎందుకంటే, అదే నవాహో భూమిలో గ్రాండ్ ఫాల్స్ అని చాక్లెట్ రంగు నీళ్ళ జలపాతం ఉంది. వచ్చినవాళ్ళు చెత్త పోసి, బళ్ళు అడ్డదిడ్డంగా తోలి విసిగిస్తే 2023లో అక్కడి వాళ్ళు దాన్ని మూసేశారు. నేనైనా అదే చేసేవాణ్ణి.

నెల కూడా బాగానే ఎంచుకున్నారు. జూలై, ఆగస్టు అయితే యాంటిలోప్ వద్దనేవాణ్ణి. మన దగ్గర వరదంటే ముందు భద్రాచలంలో 43 అడుగులు, 48, 53 అని మూడు హెచ్చరికలు. ఆ నీళ్ళు మన దాకా వచ్చేలోపు ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అని ఇంకో మూడు. లంకల్లో వాళ్ళు గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కేంత టైము ఉంటుంది. అక్కడ ఆ లెక్క పనికిరాదు. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటిలోప్‌లో దిగినవాళ్ళ దగ్గర పెద్దగా వానే లేదు. ఎక్కడో ఎగువన వాన కొట్టింది. బండరాయి నేల ఒక్క చుక్క పీల్చుకోదు కదా, అదంతా ఆ సందులోకే వచ్చి పడింది. 11 మంది పోయారు. ఇప్పుడు గైడ్లు ఎగువ వాతావరణం చూస్తూ ఉంటారు, అనుమానం వస్తే టూరే ఆపేస్తారు. అలా ఆపితే మన వాళ్ళు డబ్బుల కోసం గొడవ పడటం చూశాను, సిగ్గేసింది.

చెప్పకుండా ఉండలేని సంగతి ఇంకొకటి ఉంది. పేజ్‌లో గ్లెన్ కెన్యన్ డ్యామ్ ఉంది, 710 అడుగుల ఎత్తు. దాని వెనక కొలరాడో నది నిలబడి ఉంది. ఆ పక్కనే నవాహో ఇళ్ళలో సుమారు మూడో వంతుకి కుళాయి లేదు. దారిలో మీకు పికప్ బళ్ళు కనబడతాయి, వెనక ప్లాస్టిక్ ట్యాంకు కట్టి నీళ్ళు మోసుకుపోతుంటాయి. ఆ పక్క బ్లాక్ మెసా గని బొగ్గుని పొడి చేసి భూగర్భ జలంలో కలిపి 273 మైళ్ళు గొట్టంలో పంపించారు, 1970 నుంచి 2005 దాకా. తాగే నీళ్ళతో బొగ్గు తోయడం! నది నీటిలో మా వాటా తేల్చండని నవాహోలు సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2023లో 5-4తో ఓడిపోయారు. పుట్టిన దగ్గర నుంచి కాలవ గట్టున బతికిన మనకి ఇది జీర్ణం కాదు.

సరే, మీరడిగింది మోకాళ్ళ గురించి. కారు దిగిన చోటు నుంచి అంచుకి కొద్ది నడకే, చదునే. మీరు హాయిగా చూడగలరు.

మన్యం మాస్టారు:

పై పెద్దాయన అన్నీ చెప్పారు. పరాయి భూమి సంగతి నేను రెండు ముక్కలు కలుపుతాను, ఎందుకంటే నా ఉద్యోగం ఏజెన్సీలో.

మనకి 1/70 చట్టం తెలుసు కాబట్టి గిరిజనుల భూమి బయటివాళ్ళు కొనకూడదన్న సంగతి అర్థమవుతుంది. నవాహోల దగ్గర అంతకంటే చాలా ఎక్కువే ఉంది. వాళ్ళకి సొంత ప్రభుత్వం, ప్రెసిడెంటు, కౌన్సిల్, పోలీసులు, కోర్టులు ఉన్నాయి. రాజధాని విండో రాక్. ఆరిజోనా, యూటా, న్యూ మెక్సికో మూడు రాష్ట్రాల్లో కలిపి సుమారు 27,000 చదరపు మైళ్ళు. మనకి ఖాళీ నేలలా కనబడే చోట ఏదో ఒక కుటుంబానికి గొర్రెలు మేపుకునే హక్కు ఉంటుంది. గేటు వేసి ఉంటే తీసినవాళ్ళే మళ్ళీ వేసి వెళ్ళాలి.

మందు అక్కడ నిషేధం, కారులో సీసా కూడా ఉండకూడదు. డ్రోన్ ఎగరేయకూడదు. మనుషుల్ని, ఇళ్ళని అడక్కుండా ఫోటో తీయొద్దు. పొరపాటున ఇంకా ముందుకి హోపీ ఊళ్ళలోకి వెళ్తే అక్కడ ఫోటో, వీడియో, చివరికి బొమ్మ గీయడం కూడా కుదరదు. ఆ పక్కనే బ్లూ కెన్యన్ అని ఇంకో రంగుల లోయ ఉంది, అది హోపీల భూమి, హోపీ గైడ్ ఉంటేనే వెళ్ళాలి. ఇంటర్నెట్‌లో మ్యాపు దొరికిందని మీ అబ్బాయి స్నేహితులు ఎవరైనా ఉషారు చేస్తే వద్దని చెప్పండి.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, మారేడుమిల్లి వైపు ఆదివారం వచ్చే కార్లు సోమవారానికి వాగులో ఏం వదిలి వెళ్తాయో మా బడి పిల్లల్ని అడగండి. గాజు పెంకు గుచ్చుకున్న కాలికి కట్టు కట్టేది నేనే.

నర్సాపురం అల్లికలు:

బాబాయి గారూ, మాస్టారూ, మీరు రాసిందంతా మా వాడికి పంపాను. చదివి, "నాన్న చెప్పిందే కరెక్టులే" అన్నాడు. మా వారు అప్పటి నుంచి మీసం తిప్పుతూ తిరుగుతున్నారు. తిండి, బాత్రూం సంగతి కూడా ఎవరైనా చెబితే నాకు ధైర్యంగా ఉంటుంది. రగ్గుల గురించి ఎవరూ చెప్పలేదు.

ఆత్రేయపురం పిల్ల:

పిన్నిగారూ, నేను చెప్తాను. మేం ఫ్లాగ్‌స్టాఫ్‌లో కొన్నాళ్ళు ఉన్నాం.

కెన్యన్ దగ్గర బాత్రూం లేదు, నీడ లేదు, నీళ్ళు లేవు. కామెరాన్‌లో ఒకసారి, ట్యూబా సిటీలో ఒకసారి ఆగండి, పెట్రోల్ కూడా అక్కడే నింపించండి. మంచినీళ్ళు మనకి కావాల్సిన దానికంటే రెట్టింపు పెట్టుకోండి. పులిహోర, దద్దోజనం కట్టుకెళ్ళడం ఉత్తమం. అరిటాకు అయినా సరే, విస్తరాకు అయినా సరే, తిన్నాక తిరిగి కారులోకే.

కామెరాన్ ట్రేడింగ్ పోస్టులో నవాహో టాకో అని పెడతారు. పొంగిన పెద్ద రొట్టె, దాని మీద చిక్కుళ్ళు, మాంసం, ఆకులు. మాంసం లేకుండా అడగొచ్చు, కానీ రొట్టె ఏ నూనెలో వేయించారో కూడా అడగండి, కొన్నిచోట్ల పంది కొవ్వు వాడతారు. ఆ రొట్టె వెనక కథ బాధగా ఉంటుంది. 1864లో సైన్యం నవాహోల్ని సొంత ఊళ్ళ నుంచి న్యూ మెక్సికోలో ఫోర్ట్ సమ్నర్‌కి నడిపించి తోలుకుపోయింది. అక్కడ వాళ్ళకి రేషన్‌గా ఇచ్చింది పిండి, కొవ్వు. దాంతో వాళ్ళు చేసుకున్నదే ఇదని చెప్తారు. 1868లో ఒప్పందం అయ్యాక తిరిగి వచ్చారు, రొట్టె కూడా వాళ్ళతో వచ్చింది.

హోపీల పికీ దొరికితే మాత్రం వదలకండి. నేను మొదట చూసి మా ఊరి పూతరేకే అనుకున్నాను! నీలం మొక్కజొన్న పిండి, కాస్త బూడిద, నీళ్ళు కలిపిన జారు పిండిని కాలుతున్న నున్నటి బండ మీద పూస్తారు. మనం గుడ్డ ముంచి కుండ మీద లాగుతాం కదా, వాళ్ళు ఒట్టి అరచేత్తో లాగేస్తారు. చూస్తే మన చెయ్యి కాలినట్టు ఉంటుంది. రేకు లేవగానే చుట్టేస్తారు. తీపి ఉండదు, నోట్లో పెడితే పెళుసుగా విరిగి కరిగిపోతుంది, కాల్చిన మొక్కజొన్న వాసన. మీరు శాకాహారులు కాబట్టి ఒక మాట: ఆ బండకి రాసే జిడ్డు పాత పద్ధతిలో గొర్రె మెదడో మూలగో అయి ఉంటుంది, గింజల నూనె కూడా వాడతారు. అడిగి తినండి, ఏమీ అనుకోరు.

ఇక రగ్గులు. మీకు లేసు తెలుసు కాబట్టి పట్టేస్తారు. రగ్గుని తిరగేసి రెండు కొసలు చూడండి. నవాహో నిలువు మగ్గం మీద పడుగు ఒకే దారం, పైకీ కిందకీ తెగకుండా తిరుగుతుంది. అందుకని కొసల్లో కుచ్చులు రావు. కుచ్చులు వేలాడుతుంటే ఎక్కువగా వేరే దేశం సరుకే. చిన్నదైనా వారాలు, నెలలు పడుతుంది, కాబట్టి చవగ్గా ఇస్తున్నారంటే అనుమానించండి. నేసినవాళ్ళ పేరు, ఫోటో ఉన్న చీటీ అడగండి. 1990 నుంచి చట్టం కూడా ఉంది, వాళ్ళు చేయనిది వాళ్ళ పేరుతో అమ్మితే నేరం. నేసినవాళ్ళ దగ్గరే నేరుగా దొరికితే కొనేయండి. బేరం మాత్రం ఆడకండి పిన్నీ, మీకు నేను చెప్పాలా!

నర్సాపురం అల్లికలు:

నువ్వు చెప్పాలా, మా ఇంట్లో బేరమాడే మనిషి మా వారు. ఆయన్ని షాపు బయట కుర్చీలో కూర్చోబెడతాను. నేను అల్లిన లేసు టేబుల్ క్లాత్ ఒకటి పట్టుకెళ్తున్నాను, ఎవరైనా నేసే ఆవిడ పరిచయమైతే చూపిస్తాను.

మా వాడు కామెరాన్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. మేం వెళ్ళే వారంలో రోజు చెప్తే పర్మిట్ సంగతి చూస్తామన్నారట. యాంటిలోప్ అప్పర్ ఒక్కటి మా కోడలి కోసం బుక్ చేశాడు, నేను బయట కూర్చుంటాను. బాబాయి గారూ, మా వారు అడగమంటున్నారు, కామెరాన్ బ్రిడ్జి కింద నదిలో అక్టోబరులో నీళ్ళుంటాయా అని. స్వెటర్లు కూడా కావాలా?

హెడ్‌వర్క్స్ రిటైర్డ్:

స్వెటర్ కాదమ్మా, మంకీ క్యాపు కూడా పెట్టుకోండి. ఫ్లాగ్‌స్టాఫ్‌లో అక్టోబరు రాత్రి సున్నాకి దగ్గరగా దిగుతుంది. బ్రిడ్జి కింద ఉండేది లిటిల్ కొలరాడో. మంచు కరిగినప్పుడో, వానాకాలంలోనో తప్ప ఒట్టి ఇసుకే ఎక్కువ. మీ వారికి నీళ్ళే చూడాలనుంటే పేజ్‌లో డ్యామ్ పక్కనున్న బ్రిడ్జి దగ్గర దింపండి. కోడలు యాంటిలోప్ చూసి వచ్చేదాకా ఆయనకి కాలక్షేపం.